పెయింట్స్‌విల్ పెద్దమనిషి, ఆయన రాయించుకున్న దస్తావేజు

అమెరికాలో తూర్పు కెంటకీ కొండల మధ్య, బిగ్ శాండీ నదికి చెందిన లెవైసా పాయలో పెయింట్ క్రీక్ కలిసే చోట పెయింట్స్‌విల్ అనే చిన్న ఊరుంది. జాన్సన్ కౌంటీకి ముఖ్యపట్టణం. జనాభా నాలుగు వేల పైచిలుకు. ఆ ఊళ్లో ఎటు తిరిగినా మేయో అనే పేరు ఎదురవుతుంది. రాతి గోడల మెథడిస్టు చర్చికి ఆయన పేరే. దాని పక్కనే 43 గదుల మేయో భవంతి. వృత్తివిద్యా కళాశాల ప్రాంగణమూ ఆయన పేరు మీదే ఉంది. ఆష్‌లాండ్ నుంచి పైక్‌విల్ వైపు సాగే పాత రహదారి పేరు మేయో ట్రెయిల్. 1914లో 49 ఏళ్లకే న్యూయార్క్‌లో కన్నుమూసిన జాన్ కాల్డ్‌వెల్ కాల్హూన్ మేయోను ఊరు గుర్తుపెట్టుకున్న తీరు ఇది.

అదే ఊళ్లో, కౌంటీ క్లర్కు ఆఫీసులోని డీడ్ పుస్తకాల్లో ఆయన జ్ఞాపకం ఇంకొకటుంది. ఖనిజ హక్కులను నేల నుంచి విడదీసి కొన్న వందలాది దస్తావేజులవి. వాటి నమూనాను బ్రాడ్ ఫారం డీడ్ అంటారు, కొందరు మేయో డీడ్ అనీ అంటారు. ఈ నమూనాను ఆయనొక్కడే పుట్టించాడనడం సరికాదు. కానీ కెంటకీ కొండల్లో దాన్ని ఊరూరా, లోయలోయకూ తీసుకెళ్లి సంతకాలు చేయించినవాళ్లలో ఆయనదే మొదటి పేరు. చర్చిని, భవంతిని చూసి ఆయన్ను దాత అనడం తేలిక. డీడ్ పుస్తకాలు చూసి దోపిడీదారు అనడమూ అంతే తేలిక. ఆ కాగితం ఎలా పనిచేసిందో తెలిస్తే తప్ప ఆయన్ను సరిగ్గా గుర్తుచేసుకున్నట్టు కాదు.

మేయో 1864లో తూర్పు కెంటకీలోనే ఉన్న పైక్ కౌంటీలో పుట్టాడు. బడిపంతులుగా పనిచేశాడు. కెంటకీ వెస్లియన్ కళాశాలలో చదువుకుంటున్నప్పుడే భూగర్భశాస్త్రం మీద ఆసక్తి కలిగింది. కొండ కోసుకుపోయిన చోట, వాగు గట్టు మీద కనిపించే నల్లటి చార ఎన్ని అడుగుల మందం ఉందో, ఏ కొండ నుంచి ఏ కొండకు సాగుతోందో చదవగలిగే చూపు అక్కడ అబ్బింది. ఆ కాలానికి తూర్పు కెంటకీ బొగ్గు గురించి బయటివాళ్లకు తెలియక కాదు. రాష్ట్ర భూగర్భ సర్వే నివేదికలు అప్పటికే ఉన్నాయి. లేనిది రెండే: బొగ్గును బయటికి చేర్చే రైలు మార్గం, రైతులతో కూర్చుని మాట్లాడగలిగే మనిషి. చెసపీక్ అండ్ ఒహాయో రైలు పెయింట్స్‌విల్ చేరింది 1904లో. మాట్లాడే మనిషి అంతకు పదిహేనేళ్ల ముందు నుంచే గుర్రం మీద లోయల్లో తిరుగుతున్నాడు.

స్థానికుడు కావడమే మేయో అసలు పెట్టుబడి. ఫిలడెల్ఫియా నుంచో బాల్టిమోర్ నుంచో వచ్చిన ఏజెంటుకు గడప తొక్కనివ్వని ఇళ్లు చాలా ఉండేవి. మేయో వాళ్ల యాసలోనే మాట్లాడేవాడు. ఎవరు ఎవరికి మేనమామో, ఏ పొలం మీద ఏ తగవు నడుస్తోందో ఆయనకు తెలుసు. 1897లో ఆయన్ను పెళ్లాడిన ఆలిస్ మేయో కూడా వెంట వెళ్లేది. ప్రత్యేకంగా జేబులు కుట్టించిన గౌనులో ఇరవై డాలర్ల బంగారు నాణేలు పెట్టుకుని, సంతకం కాగానే బల్ల మీద లెక్కపెట్టి ఇచ్చేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. బ్యాంకు మొహం చూడని ఇంట్లో ఆ బంగారం ఎంత పనిచేసి ఉంటుందో ఊహించుకోవచ్చు.

రైతులు ఎందుకు ఒప్పుకున్నారంటే, అమాయకత్వం వల్ల అనేది సగం జవాబు. కొండ వాలులో మొక్కజొన్న, పందులు, వరద వచ్చినప్పుడు నదిలో తెప్పలు కట్టి దిగువకు పంపే కలప - ఇదే వాళ్ల బతుకు. చేతిలో నగదు ఆడేది బహు తక్కువ. పన్నుకు, పెళ్లికి, ఉప్పుకు, చెప్పులకు డబ్బు కావాలి. బొగ్గంటే వాళ్లకు తెలిసింది ఇంటి పొయ్యిలోకి తవ్వుకునే రెండు బుట్టలు. రైలు లేని చోట కొండ కింద ఉన్న బొగ్గుకు అంతకుమించి విలువ లేదు. పైగా నేల అమ్మమనలేదు, కింద ఉన్నది అమ్మమన్నారు. పొలం తమ దగ్గరే ఉంటుంది, ఇల్లు తమదే, డబ్బు అదనం. ఆ రోజున ఆ లెక్క తప్పని ఎవరూ చెప్పలేకపోయేవారు.

బేరం దశలవారీగా సాగేది. ముందు ఆప్షన్. కొద్ది మొత్తం చేతిలో పెట్టి, ఫలానా గడువులోగా ఫలానా ధరకు ఖనిజ హక్కు కొనే అవకాశాన్ని రాయించుకునేవారు. ఆ ఆప్షన్ల కట్ట చూపించి తూర్పు నగరాల్లో పెట్టుబడి వెతికేవారు. డబ్బు దొరికితే సర్వేయరు దిక్సూచి, గొలుసు పట్టుకుని హద్దులు కొలిచేవాడు. తర్వాత డీడ్ తయారవుతుంది. చదువు రాని రైతు ఇంటు గుర్తు పెడితే సాక్షులు సంతకం చేస్తారు. చివరికి కౌంటీ క్లర్కు పుస్తకంలోకి ఎక్కుతుంది. ఈ దశల్లో ఎక్కడ తెగినా మొత్తం పోతుంది. 1893 ఆర్థిక సంక్షోభంలో మేయోకు జరిగింది అదే. పెట్టుబడిదారులు వెనక్కి తగ్గారు, ఆప్షన్ల గడువు తీరింది, మళ్లీ మొదటి నుంచి తిరగాల్సి వచ్చింది. ఒక్క పొలం కింద బొగ్గు కొంటే దేనికీ పనికిరాదు. గనికి, రైలు శాఖకు పెట్టుబడి పెట్టాలంటే వేల ఎకరాలు ఒకే ముక్కగా కలిసిరావాలి. మధ్యలో ఒక్క కుటుంబం ఒప్పుకోకపోతే సొరంగం అక్కడ ఆగిపోతుంది. అందుకే ఒక్కో ఇంటికి పదేపదే వెళ్లాల్సి వచ్చేది, ఆ పనికి ఊరివాడే కావాల్సి వచ్చేది.

ధర ఎకరాకు యాభై సెంట్ల నుంచి కొన్ని డాలర్ల దాకా పలికింది. దీని అర్థం తెలియాలంటే ఒక్క కొలత చాలు. ఎకరం విస్తీర్ణంలో అడుగు మందం బిట్యుమినస్ బొగ్గు పొర సుమారు 1,800 షార్ట్ టన్నులు తూగుతుంది. షార్ట్ టన్ను 907 కిలోలు. పొర నాలుగడుగులుంటే ఎకరాకు 7,200 టన్నులు. పైకప్పు కూలకుండా స్తంభాలుగా వదిలేసేది పోను సగమే బయటికొచ్చిందనుకున్నా 3,600 టన్నులు. ఎకరా డాలరు చొప్పున అమ్మిన రైతుకు ఒక సెంటుకు 36 టన్నులు అమ్మినట్టు లెక్క. వంద ఎకరాల పొలానికి వంద డాలర్లు ముట్టాయి, కింద నుంచి 3 లక్షల 60 వేల టన్నులు వెళ్లే అవకాశం ఏర్పడింది. టన్నుకు ఇంత అని రాయల్టీ రాయించుకున్నవాళ్ల మనవలకు కూడా ఏదో కొంత ముట్టింది. మొత్తంగా అమ్మేసినవాళ్లకు ఆ బంగారు నాణేలే మొదలూ చివరా.

అయితే ధరకన్నా ఎక్కువ నష్టం చేసింది డీడ్‌లోని మాటలే. కొనేవాడికి వెళ్లేది బొగ్గు ఒక్కటే కాదు. చమురు, సహజవాయువు, ఇతర ఖనిజాలు కూడా వెళ్తాయి. గనికి అవసరమైన కలప కొట్టుకోవచ్చు. రోడ్లు, రైలు పట్టాలు, ఇళ్లు, గుడారాలు ఉపరితలం మీద కట్టుకోవచ్చు. వాగులను మళ్లించవచ్చు, అడ్డుకట్ట వేయవచ్చు, కలుషితం కూడా చేయవచ్చు. తవ్వకానికి 'అవసరమైన లేదా అనుకూలమైన' ఏ విధంగానైనా నేలను వాడుకోవచ్చు. దానివల్ల నష్టం జరిగితే పరిహారం అడగబోమని అమ్మినవాడు ముందే రాసిచ్చేస్తాడు. అమ్మినవాడికి మిగిలేది, పైన చెప్పిన హక్కులకు అడ్డం రానంత మేరకు సాగు చేసుకోవడం, ఇంటి వాడకానికి కాసిన్ని బొగ్గులు తవ్వుకోవడం. భూమి పన్ను మాత్రం ఆయనే కట్టాలి.

ఇక్కడ 'అనుకూలమైన' అన్న ఒక్క మాట మీద ఆగాలి. 'అవసరమైన' అంటే హద్దు ఉంటుంది, అవసరం లేదని కోర్టులో వాదించవచ్చు. 'అనుకూలమైన' అంటే కంపెనీకి ఏది చౌకైతే అది. ఆ మాట పొరపాటున పడింది కాదు. భవిష్యత్తులో ఏ యంత్రం వస్తుందో తెలియకపోయినా, ఏది వచ్చినా కొనేవాడి చేయి కట్టుబడకూడదని తెలిసే లాయర్లు రాశారు. బుల్డోజరును మేయో ఊహించలేదు కాబట్టి ఆయన తప్పేం లేదనే వాదన అందుకే నిలవదు. ఊహించనక్కర్లేకుండానే దస్తావేజు తయారైంది.

కొనుగోలుదార్లను భయపెట్టిన ఇంకో చిక్కు ఉండేది. కెంటకీ 1792 దాకా వర్జీనియాలో భాగం. ఆ రోజుల్లో వర్జీనియా ఇచ్చిన భారీ భూదానాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఏ కొండ కొన్నా వందేళ్ల నాటి పట్టా పట్టుకుని ఎవరో ఒకరు వచ్చే ప్రమాదం ఉంది. 1891 కెంటకీ రాజ్యాంగంలోని 251వ సెక్షన్ ఆ పాత పట్టాల మీద దావా వేయడానికి అయిదేళ్ల గడువు పెట్టింది. 1906లో వచ్చిన చట్టం, పాత పట్టాదార్లు పన్ను బకాయి కట్టకపోతే హక్కు పోతుందని, అనుభవంలో ఉన్నవాడి వైపు మొగ్గింది. 1911లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మేయో రాష్ట్ర రాజకీయాల్లో పలుకుబడి వాడింది దీనికోసమే. పైకి చూస్తే రైతు హక్కును కాపాడిన చట్టం. నిజంగా కాపాడింది కూడా. కాకపోతే ఆ రైతు అప్పటికే కింద ఉన్నది మేయోకు అమ్మేశాడు. రైతు హక్కు గట్టిపడితే ఆయన నుంచి కొన్నవాడి హక్కు కూడా గట్టిపడుతుంది. మేయో తెలివి మొత్తం ఈ ఒక్క పనిలో కనిపిస్తుంది.

ఆయన కూడగట్టిన భూములు నార్తర్న్ కోల్ అండ్ కోక్ కంపెనీ ద్వారా కన్సాలిడేషన్ కోల్ కంపెనీకి చేరాయి. మొత్తం సుమారు లక్ష ఎకరాలు. లెచర్ కౌంటీలో 1911-12లో జెంకిన్స్ పట్టణం వెలిసింది. జాన్సన్ కౌంటీలోనే వాన్ లియర్ వచ్చింది. కంట్రీ గాయని లొరెటా లిన్ పుట్టిన బుచర్ హాలో ఆ వాన్ లియర్ పక్కనే, ఆవిడ తండ్రి ఆ గనుల్లోనే పనిచేశాడు. ఊళ్లకు పెట్టిన పేర్లు చూస్తే డబ్బు ఎక్కడ నుంచి వచ్చిందో తెలుస్తుంది. జెంకిన్స్, వాన్ లియర్ రెండూ కంపెనీ డైరెక్టర్ల పేర్లే. మేయో వాటాతో పెయింట్స్‌విల్‌లో బ్యాంకు, చర్చి, భవంతి లేచాయి. చర్చిలో పైపు ఆర్గన్ ఆండ్రూ కార్నెగీ బహుమతి. సంపాదించి వెళ్లిపోయిన కంపెనీ డైరెక్టర్లతో పోలిస్తే మేయో తన ఊళ్లోనే ఇల్లు కట్టుకుని, తన ఊళ్లోనే ఖర్చుపెట్టాడు. ఊరు ఆయన్ను ఇష్టంగా తలుచుకోవడానికి ఇది న్యాయమైన కారణమే. ఆయన పోయాక భవంతి విద్యాసంస్థగా మారింది, తర్వాత దశాబ్దాల పాటు అందులో క్యాథలిక్ బడి నడిచింది.

దస్తావేజు అసలు దెబ్బ మేయో పోయిన నలభై ఏళ్లకు తగిలింది. అప్పటిదాకా తవ్వకం భూగర్భంలోనే. పైన మొక్కజొన్న పండుతూనే ఉంది. 1950లలో ప్రభుత్వ విద్యుత్ సంస్థ టెన్నెసీ వ్యాలీ అథారిటీ థర్మల్ కేంద్రాలు చౌక బొగ్గును పెద్ద కాంట్రాక్టుల మీద కొనడం మొదలుపెట్టాక, నేలను పైనుంచి కోసి బొగ్గు తీసే స్ట్రిప్ మైనింగ్ లాభసాటి అయింది. సింగరేణిలో ఓపెన్‌కాస్ట్ సాధారణంగా లోతైన గొయ్యి. కెంటకీలో అది కొండ చుట్టూ నడుము పట్టీలా సాగుతుంది. బొగ్గు పొర కొండ పక్కన బయటపడే ఎత్తులో బుల్డోజరు ఒక బెంచీ కోస్తుంది. బొగ్గు మీద కప్పి ఉన్న మట్టి, బండలు, చెట్లు అన్నీ వాలు కిందికి తోసేస్తారు. వెనక నిట్టనిలువు గోడ మిగులుతుంది. కొన్ని అడుగుల వ్యాసమున్న ఆగర్ అనే బరమా పెట్టి ఆ గోడలోంచి ఇంకొంత బొగ్గు లాగుతారు.

వాలు ఇరవై డిగ్రీలు దాటిన చోట కిందికి తోసిన మట్టి నిలవదు. వాన పడితే నాని జారుతుంది, కింద ఉన్నది రైతు ఇల్లు, బావి, సమాధులు. పేలుళ్లకు రాతి పొరలు చిట్లి బావుల్లో నీరు దిగిపోతుంది. బొగ్గు పక్కనున్న రాళ్లలోని పైరైటుకు గాలి, నీరు తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారవుతుంది. వాగు అడుగున పసుపు-నారింజ రంగులో ఇనుప బురద పేరుకుంటుంది, చేప బతకదు. వీటిలో దేనికీ పరిహారం లేదు. తాత ఇంటు గుర్తు పెట్టిన కాగితం అలా చెప్పింది.

కోర్టులు కాగితం వైపే నిలిచాయి. 1956లో బుకానన్ వర్సెస్ వాట్సన్ కేసులో అప్పటి రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం, ఖనిజం కొన్నవాడికి స్ట్రిప్ మైనింగ్ హక్కు కూడా ఉందని, దురుద్దేశంతో చేస్తే తప్ప పరిహారం లేదని తీర్పిచ్చింది. 1968లో మరో కేసులోనూ అదే మాట. మధ్యలో 1965 నవంబరులో నాట్ కౌంటీలో ఓలీ కూంబ్స్ అనే 61 ఏళ్ల వితంతువు బుల్డోజరుకు అడ్డంగా కూర్చుంది. పోలీసులు కాళ్లూ చేతులూ పట్టుకుని ఆవిణ్ణి కొండ దించారు. థ్యాంక్స్‌గివింగ్ పండుగ భోజనం ఆవిడ జైల్లో చేసింది. ఆ ఫొటోలు పత్రికల్లో వచ్చాక 1966లో రాష్ట్రం స్ట్రిప్ మైనింగ్ చట్టాన్ని బిగించింది. డీడ్ జోలికి మాత్రం వెళ్లలేదు.

1977 నాటి సమాఖ్య చట్టం నిటారు వాలుల్లో మట్టిని కిందికి తోయడాన్ని ఆపింది, కొండను దాదాపు పాత ఆకారానికి తేవాలంది. కానీ ఎవరి హక్కు ఎంత అన్నది రాష్ట్ర చట్టానికే వదిలేసింది. 1984లో కెంటకీ శాసనసభ బ్రాడ్ ఫారం డీడ్ మీద చట్టం చేసింది. 1987లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆస్తి ఒప్పందానికి అర్థం చెప్పే పని కోర్టులదే తప్ప శాసనసభది కాదనేది దాని వాదనలో ముఖ్యాంశం. అప్పుడు మిగిలిన దారి రాజ్యాంగ సవరణ ఒక్కటే. కెంటకియన్స్ ఫర్ ది కామన్వెల్త్ అనే పౌరసంస్థ ఊరూరా తిరిగింది. 1988 నవంబరులో ఓటర్లు 82 శాతానికి పైగా ఆమోదించారు. 1993లో వార్డ్ వర్సెస్ హార్డింగ్ తీర్పు సవరణను నిలబెట్టడమే కాక, 1956 తీర్పునూ 1987 తీర్పునూ తోసిపుచ్చింది.

సవరణ డీడ్‌లను రద్దు చేయలేదన్నది చాలామంది గమనించరు. రాజ్యాంగం 19వ సెక్షన్‌లో చేరిన ఆ వాక్యం చెప్పేది ఇంతే: తవ్వే పద్ధతి ఏదో దస్తావేజులో స్పష్టంగా లేకపోతే, అది రాసిన నాటికి ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన పద్ధతికే ఇరు పక్షాలూ ఒప్పుకున్నట్టు భావించాలి. వేరే ఉద్దేశం ఉందనేవాడు గట్టి సాక్ష్యం చూపాలి. 1900లో జాన్సన్ కౌంటీలో తెలిసిన పద్ధతి సొరంగం. కాబట్టి నేల యజమాని ఒప్పుకోకుండా కొండ కోయడం కుదరదు. 'అనుకూలమైన' అన్న మాటకు తొంభై ఏళ్ల తర్వాత దొరికిన హద్దు ఇది.

ఇప్పుడు ఒక పొలం కింద హక్కు ఎవరిదో తేల్చాలంటే కౌంటీ క్లర్కు ఆఫీసులోనే మొదలుపెట్టాలి. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ అడిగినట్టు అడిగితే వచ్చేది కాదు. అమ్మినవాళ్ల సూచికలో ఇప్పటి యజమాని పేరుతో మొదలుపెట్టి, ఒక్కో డీడ్‌లో 'ఈ భూమి ఫలానా పుస్తకం ఫలానా పేజీ నుంచి సంక్రమించింది' అన్న వాక్యం పట్టుకుని 1880ల దాకా వెనక్కి నడవాలి. ప్రతి యజమాని పేరుతోనూ ఆయన కాలంలో ఇంకేం అమ్మాడో విడిగా చూడాలి. ఖనిజ డీడ్ నేల డీడ్‌ల గొలుసులో కనిపించదు, పక్కకు చీలిపోయి ఉంటుంది. అసలు తప్పులు జరిగేది ఇక్కడే. ఒకే ఇంటిపేరు మూడు రకాల స్పెల్లింగుల్లో ఉంటుంది. వీలునామా లేకుండా పోయినవాడి ఎనిమిది మంది పిల్లల్లో ఒకరు సంతకం పెట్టి ఉండరు. కౌంటీలు చీలినచోట పాత దస్తావేజు తల్లి కౌంటీలో ఉంటుంది. నాట్ కౌంటీ 1884లో పుట్టింది కాబట్టి అంతకు ముందువి పెరీ, లెచర్, ఫ్లాయిడ్, బ్రెథిట్ కౌంటీల్లో వెతకాలి.

హద్దులు ఇంకా కష్టం. కొలత పోల్‌లలో ఉంటుంది, ఒక పోల్ పదహారున్నర అడుగులు, 160 చదరపు పోల్‌లు ఎకరం. మూలలకు గుర్తు చెట్లు. తెల్ల ఓక్ దగ్గర మొదలై, చెస్ట్‌నట్ దాకా వెళ్లి, వాగు వెంట దిగి అని రాసుంటుంది. అమెరికన్ చెస్ట్‌నట్ చెట్లు దాదాపు అన్నీ ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో తెగులుకు చచ్చిపోయాయి, కాబట్టి ఆ మూల ఎక్కడో నేల మీద గుర్తు లేదు. దిక్సూచి ఉత్తరం కూడా అప్పటి నుంచి ఇప్పటికి డిగ్రీలకొద్దీ కదిలింది. సర్వేయరు ఆ తేడా కలపకపోతే హద్దు పక్క పొలంలోకి పోతుంది.

డీడ్ దొరికాక చూడాల్సినవి తేదీ, తవ్వే పద్ధతి గురించి ఏమైనా స్పష్టంగా ఉందా, చమురు-గ్యాస్ కూడా వెళ్లాయా, పరిహారం వదులుకున్న క్లాజు ఉందా అన్నవి. సవరణ కాపాడేది బొగ్గును ఉపరితలం నుంచి తవ్వే విషయంలోనే. సొరంగం వేసే హక్కు, దానికోసం నేల మీద దారి వాడుకునే హక్కు, గ్యాస్ బావి తవ్వే హక్కు మేయో కాలపు డీడ్ ప్రకారమే ఇప్పటికీ చెల్లుతాయి. ఆ కంపెనీలు చేతులు మారి, పేర్లు మారి, కొన్ని దివాలా తీశాక కూడా కాగితం కొత్త యజమానికి వెళ్తూనే ఉంది. పెయింట్స్‌విల్ పరిసరాల్లో పొలం కొనేవాళ్లు మేయో పేరును చర్చి గోడ మీద చూసినా చూడకపోయినా, క్లర్కు పుస్తకంలో మాత్రం వెతుక్కోక తప్పదు.